ఏడో నంబరు నిద్ర

ముందే చెబుతున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మా నాన్న భీమవరం దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేవాడు. గాలి సోకింది, దిష్టి తగిలింది అంటూ ఎవరైనా పిల్లల్ని ఎత్తుకొస్తే "ముందు డాక్టరుకి చూపించండి, తర్వాత ప్రార్థన చేద్దాం" అని పంపేసేవాడు. నేను ఆయన కూతుర్నే. ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. మార్చురీ పక్క వరండాలో ఎండ పడదని రోజూ అక్కడే కూర్చుని టిఫిన్ డబ్బా ఖాళీ చేసిన మనిషిని.

కాబట్టి తెల్లచీరల కథ కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. జరిగిందంతా పట్టపగలు, ట్యూబులైట్ల కింద, నలుగురు తిరిగే చోట జరిగింది. ఆసుపత్రి పేరు మాత్రం చెప్పను. అక్కడివాళ్ళ తప్పేమీ లేదు.

తొంభైల మధ్య మాట. నా ఉద్యోగం మెదడు గీతలు తీయడం. తల మీద జిగురుతో వైర్లు అంటిస్తాం. మెదడులో పుట్టే సన్నటి కరెంటు ఆ వైర్ల వెంట మిషన్‌లోకి వెళ్తుంది. అక్కడ పదహారు సిరా కలాలు కదులుతూ, కింద పరిగెత్తే కాగితం మీద పదహారు గీతలు గీస్తాయి. ఈఈజీ అంటారు. మెలకువగా ఉన్న మనిషి గీతలు చిన్నచిన్నగా, తొందర తొందరగా ఉంటాయి. నిద్ర లోతుకి వెళ్ళేకొద్దీ అవి పెద్దవై నెమ్మదిస్తాయి. కొన్నేళ్ళు ఆ పని చేశాక మనిషి మొహం చూడక్కర్లేదు, కాగితం చూస్తే చాలు.

ఈ ఉద్యోగానికి నాచేత దరఖాస్తు పెట్టించింది మా అక్క. అదే ఆసుపత్రిలో నర్సు. నాకంటే పదేళ్ళు పెద్దది. నా తొమ్మిదో ఏట అమ్మ పోతే నాకు జడలు వేసి, అన్నం పెట్టి, చదివించింది ఆవిడే. తన పెళ్ళయి ఢిల్లీ వచ్చేటప్పుడు నన్నూ తెచ్చుకుంది. "కట్నం కింద మరదల్ని తెచ్చుకున్నాను" అని మా బావ వేళాకోళం చేసేవాడు. ఆయన ఆర్మీలో హవల్దార్ క్లర్కు, కంటోన్మెంట్‌లో ఆఫీసు. అక్క పేరు మీద ఆర్.కె. పురంలో గవర్నమెంటు క్వార్టరు వచ్చింది. ఆ రెండు గదుల్లో వాళ్ళిద్దరూ, వాళ్ళ ఏడేళ్ళ కూతురు షీబా, నేనూ.

కాగితాల మీద అక్క పేరు గ్రేస్ కరుణాకుమారి. ఆ పేరుతో ఆవిణ్ణి పిలిచిన మనిషిని నేను చూడలేదు. ఆసుపత్రిలో అందరికీ సిస్టర్. కాలనీలో షీబా కీ మమ్మీ. బావ "ఇదిగో" అనేవాడు. నాకు చిట్టక్క.

అక్క ఎక్కువగా నైట్ డ్యూటీలు వేయించుకునేది, పగలు పిల్ల దగ్గర ఉండొచ్చని. ఉండేది గానీ నిద్రలో ఉండేది. బాబోయ్, ఆ నిద్ర! పక్కింట్లో పెళ్ళి బ్యాండు మోగినా కదిలేది కాదు. భుజం పట్టి కుదిపితే మాత్రం ఉలిక్కిపడి లేచి, ఏ పేషెంటుకో ఏదో అయిందనుకుని చెప్పుల కోసం వెతుక్కునేది. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం నాలుగింటికి టీ పెట్టి, మంచం కాళ్ళవైపు నిలబడి, కాలి బొటనవేలు మెల్లగా నొక్కి "చిట్టక్కా, నాలుగైంది" అనాలి. అప్పుడు కళ్ళు తెరవకుండానే "ఊఁ" అనేది. కాసేపాగి, ఇంకా మెల్లగా, మళ్ళీ "ఊఁ" అనేది. మొదటిది విన్నానని. రెండోది, ఇంకో పావుగంట పడుకోనీ అని.

ఆ రోజుల్లో మా ల్యాబ్‌లోకి సమ్మయ్య అని ఒక రిసెర్చి స్కాలర్ వచ్చాడు. వరంగల్ వైపు మనిషి, ముప్ఫై దాటుతున్నాయి, పెళ్ళి మాటెత్తితే పారిపోయేవాడు. కంప్యూటర్‌లో మొత్తం మెదడుని నిద్రపుచ్చి లేపుతానన్నాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట ఎవడో, అలాగే ఉంది నీ వరస అన్నాను.

"పిచ్చిగాదు అక్కా, గణితం," అన్నాడు.

అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. మెదడుని నలభై ఎనిమిది చుక్కలుగా విడగొట్టాడు. ఒక్కో చుక్కా మెదడులో ఒక్కో ముక్క. ఏ చుక్క ఏ చుక్కతో ఎంత గట్టిగా ముడిపడి ఉందో లెక్కలు రాశాడు. అన్నింటికీ మీట లాంటి అంకె ఒకటుంది. దాన్ని ఒకవైపు జరిపితే చుక్కలన్నీ ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ గజిబిజిగా ఉంటాయి, అది మెలకువ. రెండోవైపు జరిపితే అన్నీ కలిసి ఊయల ఊగినట్టు ఒకేసారి పైకీ కిందికీ పోతాయి, అది నిద్ర.

అప్పటి కంప్యూటర్లు నత్తనడక. ఒక్క నిమిషం నిద్ర లెక్కకట్టడానికి గంట పైన పట్టేది. అందుకని అతను ముందు రెండుమూడు రోజులు లెక్క నడిపించి, వచ్చిన అంకెలన్నీ ఫైలుగా దాచుకునేవాడు. తర్వాత ఆ ఫైలుని ఒక వైరు ద్వారా మా కలాల మిషన్‌కే పంపేవాడు. ఎందుకంటే మా డిపార్ట్‌మెంటు పెద్ద, మేము సార్ అనేవాళ్ళం, ఆయనకి స్క్రీన్ మీద చూస్తే తృప్తి ఉండదు. కాగితం మీద సిరా గీత పడితేనే ఆయన చూసేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కలాలు కదిలే సమయానికి లెక్క ఎప్పుడో అయిపోయి ఉంటుంది. క్యాసెట్టులో పాట లాంటిదే. ఎన్నిసార్లు వేసినా అదే పాట రావాలి.

ఆ చుక్కల ముడులు సరిచూడటానికి అసలు మనిషి నిద్ర కావాలి. తలనిండా వైర్లు, బయట వరండాలో జనం గోల, ల్యాబ్‌లో ఎవరికి నిద్రపడుతుంది? చాలామందిని పడుకోబెట్టాడు. పైకప్పు చూస్తూ పడుకుని వెళ్ళిపోయారు. ఆఖరికి అక్కని అడిగాను. నైట్ డ్యూటీ దిగి వచ్చి, నేను వైర్లు అంటిస్తుండగానే గుర్రు పెట్టింది. ఒక చలికాలమంతా వారానికోసారి వచ్చి పడుకుంది. సమ్మయ్య జాబితాలో ఆవిడ ఏడో మనిషి. అందుకని ఫైలు పేరు కూడా ఏడో నంబరు.

పడుకున్నప్పుడల్లా చివర్లో నేనే పిలిచేదాన్ని. నిద్రలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిస్తే, లేవకపోయినా, మెదడు ఒకసారి పలుకుతుంది. కాగితం మీద నడినెత్తి దగ్గరి గీతల్లో పెద్ద కొండలా లేస్తుంది. మేము దాన్ని జవాబు అనుకునేవాళ్ళం. పిలిచినప్పుడు బటన్ నొక్కాలి, కాగితం అడుగున చిన్న గుర్తు పడుతుంది. ఆ గుర్తు నుంచి కొండ దాకా స్కేలు పెట్టి కొలవాలి. ఎవరికైనా ఒక కొండ వస్తుంది. మా అక్కకి రెండు. ముందొక పెద్దది, దాని వెనకాలే చిన్నది. "మీ అక్క నిద్రల గూడ రెండుసార్లు ఊఁ అంటది," అని సమ్మయ్య నవ్వాడు.

అతని ప్రోగ్రామ్‌కి ఈ జవాబు లేదు. చెవి పెట్టలేదు దానికి. బయటి చప్పుడు లోపలికి పోయే దారే రాయలేదు. నిద్రపోవడం, లేవడం, అంతే దాని పని. మొదటిసారి కాగితం మీద ఆ గీతలు పడ్డప్పుడు నేను అక్కని పిలుచుకొచ్చి చూపించాను. ఏది తనదో ఏది కంప్యూటర్‌దో నాకే పోల్చుకోవడం కష్టమైంది. అక్క నడుం మీద చేతులు వేసుకుని చూసింది. "నా నిద్ర కాజేశావు కదయ్యా సమ్మయ్యా. ఇంక రాత్రుళ్ళు దీన్నే డ్యూటీకి పంపించు," అంది.

మరుసటి ఏడు జనవరిలో, పొద్దున్న డ్యూటీ దిగి వస్తూ, మా సెక్టార్ మలుపు దగ్గర బస్సు దిగింది. పొగమంచు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడటం లేదు. రోడ్డు దాటుతుంటే ఏదో బండి కొట్టేసి వెళ్ళిపోయింది. పాలబూతు దగ్గర క్యూలో ఉన్నవాళ్ళు చప్పుడు విన్నారు గానీ ఏ బండో చూడలేదు.

ఒంటి మీద పెద్ద దెబ్బల్లేవు. అన్నీ తలకే. ఆపరేషన్ చేశారు. ఊపిరి మిషన్ మీద పెట్టారు. తను పనిచేసిన వార్డుకి రెండు వార్డుల అవతలే పడుకోబెట్టారు. తోటి సిస్టర్లు వచ్చి తల దగ్గర నిలబడి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని డ్యూటీకి పోయేవాళ్ళు. షీబా తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ హిందీలోనే మాట్లాడుతుంది. రోజూ ఒకటే ప్రశ్న. "పిన్నీ, మమ్మీ కబ్ ఉఠేగీ?" ఎప్పుడు లేస్తుందని. లేస్తుందమ్మా అనేదాన్ని.

పది రోజులు గడిచాక సార్ మా బావనీ నన్నూ కూర్చోబెట్టి చెప్పారు. కళ్ళలో కదలిక లేదు, సూదికి కదలిక లేదు. రోజు విడిచి రోజు మూడుసార్లు ఈఈజీ తీద్దాం. పిలిస్తే మెదడులో ఏ కొంచెం జవాబు ఉన్నా ఆగుదాం. మూడింట్లోనూ లేకపోతే మిషన్ మీద ఉంచడం ఆమెని బాధపెట్టడమే. మీరు సంతకం పెడితే తీసేస్తాం.

నన్నే తీయమన్నారు. మిగతావాళ్ళకంటే నా చెయ్యి మంచిదని పేరు. బయటికి వచ్చాక బావ వరండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "ఆ గీతలు చదవడం నాకు రాదమ్మా. నీకొచ్చు. నువ్వు జవాబు ఉందంటే ఆగుదాం. నా పెన్షన్ అంతా పోయినా సరే, కళ్ళు తెరిచేదాకా పెట్టుకుందాం. నువ్వు లేదంటే సంతకం పెడతాను," అన్నాడు. అంత మాట నా మీద పెట్టేశాడు.

మొదటిసారి తీశాను. సగం తల గుండు, కుట్లు. ఆ జుట్టుకి ఎన్ని వందలసార్లు నూనె రాశానో. మా పనిలో రూలు ఏమిటంటే, చార్టులో రాసి ఉన్న పేరు గట్టిగా రెండుసార్లు పిలవాలి, తర్వాత చప్పట్లు కొట్టాలి. సొంత మనిషైనా సరే, పరాయి పేషెంటుకి ఎలా చేస్తామో అలాగే చేయాలి. అలాగే చేశాను. "గ్రేస్ కరుణాకుమారీ! గ్రేస్ కరుణాకుమారీ!" గీతలు పెద్దగా, నెమ్మదిగా, దేనికీ పట్టనట్టు సాగిపోయాయి. రెండోసారీ అంతే. పెన్సిలుతో పిలుపుకి జవాబు లేదు అని నేనే రాశాను, నా చేత్తోనే సంతకం చేశాను.

మూడోదానికి ముందురోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉన్నాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. సమ్మయ్య సార్‌కి చూపించడానికి ఏడో నంబరు ఫైలు కలాల మీద నడుపుతున్నాడు. మూడు రోజుల కిందటే లెక్క పూర్తయిన ఫైలు. కలాల్లో సిరా గడ్డకడుతుంటే చూసుకోవడానికి నేను మిషన్ పక్కన కూర్చున్నాను. "నువ్వు చూడకు అక్కా, ఇంకోటి నడుపుత," అన్నాడు పాపం. పర్లేదన్నాను.

లోతు నిద్ర. కాగితం నిండా పెద్ద పెద్ద అలలు. చూస్తూ కూర్చున్నాను. వార్డులో పడుకున్న మనిషి గీతల్లో మా అక్క లేదు. ఇక్కడ ఉంది. నాకు తెలిసిన నిద్ర ఇది, గురకతో సహా తెలుసు. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. గోడ గడియారం చూశాను. నాలుగు.

ఎందుకన్నానో తెలీదు. అలవాటు. వేలు దానంతటదే బటన్ మీదికి పోయింది. "చిట్టక్కా, నాలుగైంది," అన్నాను.

నడినెత్తి కలాలు లేచాయి. పెద్ద కొండ. దాని వెనకాలే చిన్నది. తర్వాత మళ్ళీ మామూలు అలలు.

సమ్మయ్య చూశాడు. అతను లేచి వైరు పట్టుకుని చూశాడు, ఊడలేదు. కాగితం చింపి బల్ల మీద పరిచాడు. కరెంటు ఎగుడుదిగుడైతే పదహారు కలాలూ ఒకేసారి ఎగరాలి. అది నేనెన్నిసార్లో చూశాను. ఇక్కడ నడినెత్తి కలాలే లేచాయి, పక్కవి కొంచెం కదిలాయి, చివరివి అసలు కదల్లేదు. మనిషి పలికితే ఎలా ఉంటుందో అలాగే. స్కేలు పెట్టాను. గుర్తు నుంచి కొండ దాకా ఒకటిన్నర సెంటీమీటర్లు. పోయిన చలికాలం అక్క కాగితాలు బీరువాలోంచి తీసి కొలిచాం. ఒకటిన్నర.

"గట్లెట్ల అయితది? లెక్క మొన్ననే అయిపాయె గదా," అన్నాడు సమ్మయ్య.

అదే ఫైలు మళ్ళీ మొదటినుంచి నడిపాడు. ఎవరం మాట్లాడలేదు. ఆ చోటు వచ్చింది, పోయింది. కొండ లేదు. ఉత్త అలలు. మూడోసారి నడిపి, తనే పిలిచాడు, చిట్టక్కా అనే పిలిచాడు. ఏమీ లేదు. నాలుగోసారి నన్ను పిలవమన్నాడు. అసలు చోటు రాకముందే, నాకు తోచినప్పుడు పిలిచాను. పెద్ద కొండ, చిన్న కొండ.

అతను స్విచ్చి ఆపేశాడు. చెమటలు పట్టాయి, జనవరిలో. "అక్కా, నీకు దండం పెడత, ఎవ్వలకు చెప్పకు. ఫైలు సక్కగ లేదంటరు. నాలుగేండ్ల పని ఆగమైతది," అన్నాడు. సరేనన్నాను. ఎవరికి చెప్పినా నన్నే మంచం మీద పడుకోబెట్టి నా తలకి వైర్లు అంటిస్తారు.

బస్సులో ఇంటికి వెళ్తుంటే తట్టింది. మొన్న రెండుసార్లూ నేను ఎవర్ని పిలిచాను? గ్రేస్ కరుణాకుమారిని. పుట్టి బుద్ధెరిగాక మా అక్కని ఎవరూ పిలవని పేరుతో పిలిచి, పలకలేదని రాసి సంతకం పెట్టాను. నా మొహం మండ! మనిషికి రూలు ముఖ్యమా, అక్క ముఖ్యమా? ఆ రాత్రి షీబాని పక్కలో వేసుకుని తెల్లవారేదాకా కళ్ళు తెరుచుకునే ఉన్నాను.

మర్నాడు పదింటికి మూడో రికార్డింగు. ముందు రూలు ప్రకారం పిలిచాను, చప్పట్లు కొట్టాను. ఏమీ లేదు. తర్వాత మంచం కాళ్ళవైపు వెళ్ళి నిలబడ్డాను. బటన్ తీగ నా చేతిలోనే ఉంది. "చిట్టక్కా, నాలుగైంది."

పలికింది. పెద్దది, చిన్నది. ఒకటిన్నర సెంటీమీటర్లు.

నేను కేక పెట్టి ఉంటాను, వార్డులో అందరూ పరిగెత్తుకొచ్చారు. సార్ కూడా వచ్చారు. కాగితం చూసి ఆయన కళ్ళు కూడా పెద్దవయ్యాయి. తర్వాత కాగితం మీంచి తలెత్తి నా వైపు చూశారు. నేను ఎక్కడ నిలబడ్డానో చూశారు. నా ఎడంచెయ్యి ఎక్కడుందో చూశారు.

అక్క కాలి బొటనవేలు మీద ఉంది.

"ఛుఆ థా క్యా?" అన్నారు. ముట్టుకున్నావా అని.

కొత్తగా చేరినవాళ్ళకి నేనే నేర్పేదాన్ని. పిలిచేటప్పుడు మంచానికి అడుగు దూరం ఉండండి, పేషెంటుని తాకితే వైర్లు కదిలి దొంగ కొండలు వస్తాయి, ఆ కాగితం చెల్లదు. ఎప్పుడు ఆ వేలు పట్టుకున్నానో నాకు తెలీదు. టీ ఇవ్వడానికి ఏడెనిమిదేళ్ళు పట్టుకున్న వేలు అది. లేదు సార్ అనొచ్చు. వేలు తీసేసి, లేదు అని ఒక్క మాట. ఆయన నమ్మేవారు కూడా.

"ముట్టుకున్నాను సార్," అన్నాను.

ఆయన కోప్పడలేదు. నా భుజం తట్టి, ఇది నా తప్పు, ఇంటి మనిషితో తీయించకూడదు అన్నారు. ఎర్ర పెన్నుతో ఆ పేజీ కొట్టేశారు. నన్ను బయట కూర్చోమని ఇంకో టెక్నీషియన్‌ని పిలిచారు. అతను మంచివాడే. ఇంట్లో ఏమని పిలుస్తారు దీదీ అని నన్ను అడిగి, రెండుసార్లు పలికి చూసుకుని మరీ లోపలికి వెళ్ళాడు. కిటికీలోంచి నాకు వినబడుతూనే ఉంది. చార్టు పేరూ పిలిచాడు, చిట్టక్కా అనీ పిలిచాడు, దూరంగా నిలబడి, పద్ధతిగా. ఏమీ లేదు. ఒక్కసారి నన్ను పిలవనివ్వండి, చేతులు వెనక్కి కట్టుకుంటాను అని నేను లోపలికి దూసుకెళ్ళాల్సింది. వెళ్ళలేదు. ఇన్నేళ్ళూ ఆయన కూర్చోమంటే కూర్చున్నదాన్ని, ఆరోజూ కూర్చున్నాను.

బావ నా పక్కనే ఉన్నాడు. సార్ వచ్చి తల అడ్డంగా ఊపారు. కాగితం చేతికిచ్చి వెళ్ళిపోయారు. బావ దాన్ని చదవలేదు.

"సార్ చెప్పింది సరే. నువ్వేమంటావమ్మా?" అన్నాడు.

ఏమనను? ఒక కాగితం నేను చెడగొట్టుకున్నాను. రెండో కాగితం కంప్యూటర్‌ది. మీ ఆవిడ పిలిస్తే కంప్యూటర్‌లో పలికింది బావా, అనాలా? సమ్మయ్యకి మాటిచ్చాను. రుజువు లేకుండా నోరు విప్పకూడదని ఆ ల్యాబ్‌లోనే నేర్చుకున్నాను. ఇంకో మాట కూడా దాచను. ఆ ఊపిరి మిషన్ మీద ఏళ్ళ తరబడి కళ్ళు తెరవకుండా పడి ఉంటే, తల్లిని అలా చూస్తూ షీబా పెరుగుతుందేమోనని భయం వేసింది. నోరు పెగల్లేదు. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశాడు. నా మౌనాన్ని ఆయన ఎలా అర్థం చేసుకోవాలో అలాగే చేసుకున్నాడు. సంతకం పెట్టాడు.

మర్నాడు సాయంత్రం అక్క పోయింది. చర్చివాళ్ళు వచ్చి పాటలు పాడారు. కంటోన్మెంటు నుంచి బావ తోటివాళ్ళు వచ్చి పెట్టె మోశారు. నేను ఏడవలేదని కాలనీ ఆంటీలు చెవులు కొరుక్కున్నారట.

నెల తర్వాత డ్యూటీలో చేరాను. చేరిన రోజే నాలుగింటికి సమ్మయ్యని ఏడో నంబరు నడపమన్నాను. అదే ఫైలు, అదే వైరు, అదే మిషన్. "చిట్టక్కా, నాలుగైంది." అలలు వాటి దారిన అవి పోయాయి. మళ్ళీ పిలిచాను. బతిమాలాను, తిట్టాను. వారం రోజులు రోజూ నాలుగింటికి పిలిచాను. కొత్త ఫైళ్ళు లెక్కకట్టించి పిలిచాను.

"నిద్రపోతది, లేస్తది, అన్నీ మంచిగనే చేస్తది. పలుకుడు ఒక్కటే లేదు అక్కా. ఇంక ఇడిసెయ్యి," అన్నాడు సమ్మయ్య. అతని కళ్ళలోనూ నీళ్ళు. థీసిస్ పూర్తి చేసుకుని అతను వెళ్ళిపోయాడు. అందులో ఈ సంగతి లేదు. ఉండకూడదు కూడా.

రెండు కాగితాలూ నా దగ్గరే ఉన్నాయి. ల్యాబ్‌లో కంప్యూటర్ గీసింది ఒకటి, ఎర్ర పెన్నుతో కొట్టేసిన వార్డు పేజీ ఒకటి. పాత కాగితాలు పారేసేటప్పుడు అడిగి తెచ్చుకున్నాను. కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెడితే కొండ మీద కొండ కూర్చుంటుంది. వార్డు కాగితం బొటనవేలు నొక్కినందువల్ల వచ్చింది అనుకుందాం. సార్ మాటే నిజమనుకుందాం. మరి కంప్యూటర్‌కి బొటనవేలు ఎక్కడుంది? మా చర్చి ఫాదర్‌కి చెబితే ప్రార్థన చేద్దామన్నారు. తెలిసిన ఇంజనీరుకి చెబితే వైరు లూజు అన్నాడు. నాకైతే ఏదీ సరిపడలేదు.

షీబా ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తోంది. దానికీ ఒక కూతురు. బావ దాని దగ్గరే ఉంటాడు. పోయిన డిసెంబరులో నా దగ్గరికి వచ్చినప్పుడు, ఏదో మాటల్లో అడిగింది. ఆఖరి రోజుల్లో మమ్మీకి మన మాటలు వినబడేవా పిన్నీ అని, హిందీలోనే. రిపోర్టులో లేదమ్మా అన్నాను.

"రిపోర్ట్ నహీఁ పిన్నీ. ఆప్ క్యా కహతీ హో?" అంది. రిపోర్టు సంగతి కాదు, నువ్వేమంటావు అని.

వాళ్ళ నాన్న అడిగిన మాటే. లేచి ట్రంకు పెట్టె తీశాను. రెండు కాగితాలూ దాని ఒళ్ళో పెట్టి ఇక్కడ రాసిందంతా చెప్పాను. అది నమ్మిందో లేదో తెలీదు. కిటికీ దగ్గరికి వెళ్ళి రెండింటినీ అద్దానికి ఆనించి చాలాసేపు చూసింది. సిరా వెలిసిపోయింది గానీ కొండలు కనబడుతూనే ఉన్నాయి. తర్వాత ఇటు తిరగకుండానే అడిగింది.

"తో ఫిర్ పాపా నే సైన్ క్యోఁ కియా?"

మరి నాన్న ఎందుకు సంతకం పెట్టాడు అని.

ఆ చుక్కల లెక్క మా అక్క పేరుకి ఎలా పలికిందో ఇన్నేళ్ళయినా నేను చెప్పలేను. షీబా అడిగినదానికి మాత్రం నాకు జవాబు తెలుసు. ఆయన నన్ను అడిగాడు. నేను చెప్పలేదు.